గోధుమ సైలోలో పదమూడో స్వరం

వెర్రిబీ

జనవరిలో ఒక శుక్రవారం, పొద్దున ఆరున్నర. జనవరి అంటే ఇక్కడ నడి ఎండాకాలం. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో మా ఇంటి ముందు, కారు దగ్గర ఉన్నవాళ్ళు ముగ్గురు: నేను, లిన్, లిన్ తాతగారు. కారెక్కాల్సిన వస్తువులు ముప్ఫై ఒక్క రకాలు. అన్నీ రాస్తే విసుగు కాబట్టి ముఖ్యమైనవి చెబుతాను. స్పీకర్లు రెండు, మైకులు నాలుగు, కంప్యూటర్ ఒకటి, హార్డ్ డిస్కులు రెండు, వైర్ల సంచులు మూడు, తెగిన వైర్లు వేడితో అతికించే సోల్డరింగ్ ఐరన్ ఒకటి, రంగు బెలూన్లు డజను, గూజెంగ్ ఒకటి, షెంగ్ ఒకటి, నేను కలిపిన పులిహోర డబ్బా ఒకటి, గోంగూర పచ్చడి సీసా ఒకటి, తాతగారి టీ గుడ్లు పది, వేడినీళ్ళ ఫ్లాస్కు ఒకటి, ఎస్కీ ఒకటి. ఎస్కీ అంటే ఇక్కడివాళ్ళు బీచికీ పిక్నిక్కులకీ మోసుకెళ్ళే ఐస్ పెట్టె.

జాబితా తయారుచేసింది నేనే. రోడ్ల పక్కనా ఫ్యాక్టరీల పక్కనా శబ్దం కొలిచి నివేదికలు రాయడం నా ఉద్యోగం. కొలతకి వెళ్ళినప్పుడు ఒక్క వైరు మరిచిపోయినా ఆ రోజంతా వృథా. అందుకని ప్రతి వస్తువుకీ ఒక నంబరు వేసి, దాని ఎదురుగా మూడు గడులు గీస్తాను: బరువు, విరిగే ప్రమాదం, వేడికి పాడయ్యే ప్రమాదం. షెంగ్ ఎదురుగా మూడో గడిలో ‘లేదు’ అని రాశాను. వెదురు, రాగి, చెక్క. ఎండకి వీటికేమవుతుంది అనుకున్నాను.

షెంగ్ గురించి కొంచెం చెప్పాలి. అరచేతుల మధ్య పట్టే ఒక గిన్నె, దాని మీద నిలువుగా గుచ్చిన పదిహేడు వెదురు గొట్టాలు. చూడడానికి రెక్కలు ముడుచుకుని కూర్చున్న పక్షిలా ఉంటుంది. గిన్నెకున్న మూతిలోకి ఊదితే మోగుతుంది, పీల్చినా మోగుతుంది. ఒక్కో గొట్టం అడుగున సన్నని రాగి నాలుక ఉంటుంది. మన హార్మోనియంలోనూ ఉండేది ఇలాంటి నాలుకే. తాతగారి షెంగ్‌లో పదమూడు గొట్టాలకే నాలుకలున్నాయి. మిగతా నాలుగూ అందం కోసం.

లిన్ మెల్‌బోర్న్‌లో పుట్టిన పిల్ల. చిన్నప్పుడు గూజెంగ్ నేర్చుకుంది. అది బల్ల మీద పడుకోబెట్టి మీటే ఇరవై ఒక్క తీగల వాద్యం. పరీక్షలన్నీ పాసై, విసుగొచ్చి వదిలేసి, మళ్ళీ యూనివర్సిటీలో పట్టుకుంది. ఇప్పుడు తీగల్ని మీటదు, వయొలిన్ కమానుతో రుద్దుతుంది. దాన్ని నేను కంప్యూటర్‌తో సాగదీస్తాను. మా ఇద్దరి సంగీతాన్ని ఇంగ్లీషులో యాంబియంట్ అంటారు. తాళం ఉండదు, పల్లవి ఉండదు. కచేరీలో గాయకుడు లేచి వెళ్ళిపోయాడు, మృదంగమూ వెళ్ళిపోయింది, తంబురా ఒక్కటే మిగిలి, గంటసేపు నెమ్మదిగా రంగులు మారుతూ పోయింది అనుకోండి. దాదాపు అదీ.

తాతగారిది చైనాలో హెబెయ్ ప్రాంతపు పల్లె. అక్కడి మేళంలో ముప్ఫై ఏళ్ళు షెంగ్ వాయించారు. కొడుకు దగ్గరికి వచ్చి మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డాక, తోడు వాయించేవాళ్ళు లేక, అది పెట్టెలోకి వెళ్ళింది. మాతో వాయించమని లిన్ నాలుగేళ్ళుగా అడుగుతోంది. నాలుగేళ్ళుగా ఆయన మా సంగీతాన్ని ‘ఫ్రిజ్ చప్పుడు’ అంటున్నారు. చివరికి, ఈ ఆదివారం మా కచేరీ జరిగేది గోధుమలు నిలవచేసే పాత సిమెంటు సైలోలో అని విని ఒప్పుకున్నారు. సైలో అంటే మన గాదెకి పది అంతస్తుల అన్నయ్య.

“ఒక్కసారి,” అన్నారు. “బాగుంటే సరే. లేకపోతే షెంగ్‌ని పెట్టెలో పెట్టేస్తాను. మళ్ళీ అడగకూడదు.”

నేను ఆయన్ని “అంకుల్” అని పిలిచాను. ఆయన వేలు ఊపి, తనకొచ్చిన ఇంగ్లీషులో, “అంకుల్ కాదు. యేయే,” అన్నారు. యేయే అంటే తాత.

బల్లారట్

మొదటి మజిలీ బల్లారట్. బేకరీలో ముగ్గురం మాంసం పైలు తీసుకున్నాం, మైదా పొర లోపల మాంసం కూరి కాల్చినవి. ఒక్కోటీ ఎనిమిది డాలర్లు. ఇక్కడి ఆచారం ప్రకారం దాని మీద టొమాటో సాస్ పోసుకోవాలి. యేయే సాస్ వాసన చూసి పక్కన పెట్టి, నా సంచి వైపు చూపించారు. గోంగూర సీసా తీసిచ్చాను. పై పొరని చెంచాతో పగలగొట్టి, రెండు చెంచాల గోంగూర లోపల దూర్చి, కళ్ళు మూసుకుని తిన్నారు. కౌంటర్ వెనకావిడ మెడ సాచి చూసింది.

“అదేంటి డార్లింగ్, జామ్ లాంటిదా?”

“జామ్ కాదు,” అంది లిన్. “ధైర్యముంటే చూడు.”

ఆమె వేలితో రవ్వంత నాకి, గబుక్కున వెనక్కి తిరిగి నీళ్ళు తాగింది.

తింటూ నేను యేయేని వాళ్ళ మేళం గురించి అడిగాను. ఆయన చైనీస్‌లో చెబితే లిన్ ఇంగ్లీషులో చెప్పింది. పెళ్ళికీ, చావుకీ వాళ్ళదే మేళమట. మా వైపు పెళ్ళికి సన్నాయి, చావుకి డప్పు, రెండూ వేర్వేరు మనుషులు అన్నాను. యేయేకి ఇది వింతగా తోచింది.

“ఇద్దరికి డబ్బులిస్తారా? మా ఊళ్ళో మనుషులు వాళ్ళే, వాద్యాలు అవే. పాట మారుతుంది, అంతే. ఒకసారి పొద్దున చావు, మధ్యాహ్నం పెళ్ళి. మా డోలువాడు పొరపాటున చావు దరువు మొదలెట్టాడు.”

“పెళ్ళికూతురు ఏమంది?”

“ఏమీ అనలేదు. తర్వాత నలభై ఏళ్ళు కాపురం చేసి, వాడి దరువే సరైందని చెప్పింది.”

బయటికొచ్చేసరికి పదిన్నర, అప్పటికే ముప్ఫై అయిదు డిగ్రీలు. హార్డ్ డిస్కులు ముట్టుకుంటే చుర్రుమన్నాయి. మూడు వారాల పని వాటిలో ఉంది. ఎస్కీ తెరిచాను. నీళ్ళ సీసాల పక్కన, తువ్వాలు చుట్టిన షెంగ్ పెట్టె ఉంది. జాబితా ప్రకారం దాని చోటు అది కాదు. యేయే పెట్టి ఉంటారు. ఐసు కరిగిన తేమకి వెదురు ఉబ్బుతుందని నా లెక్క. ఆయన బేకరీ బాత్రూములో ఉన్నారు. నేను షెంగ్‌ని తీసి డిక్కీలో పెట్టి, డిస్కుల్ని ఎస్కీలో పెట్టాను. ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

అరరాట్

అరరాట్ అనే ఊరు పుట్టిందే చైనా గని కార్మికుల వల్ల. బంగారం దొరికిన కొత్తలో, మేముండే ఈ విక్టోరియా రాష్ట్రపు రేవుల్లో ఓడ దిగే ప్రతి చైనా మనిషి మీదా పన్ను ఉండేది. అది తప్పించుకోవడానికి వాళ్ళు పక్క రాష్ట్రంలో దిగి, వందల కిలోమీటర్లు నడిచి బంగారు గనులకి వచ్చేవాళ్ళు. అలా నడుస్తూ నీళ్ళ కోసం ఆగిన ఒక గుంపుకి ఇక్కడ బంగారం దొరికింది.

ఆ కథ చెప్పే మ్యూజియం ఒకటుంది. చల్లగా ఉందని గంటన్నర లోపలే తిరిగాం. వచ్చినవాళ్ళు ఎత్తి చూడడానికి ఒక కావడి పెట్టారు. అచ్చం మన కావడే. వెదురు బద్ద, రెండు చివర్లా బుట్టలు. నేనెత్తితే బుట్టలు గిర్రున తిరిగి నా మోకాలికి తగిలాయి. యేయే నన్ను పక్కకి జరిపి, భుజం కింద పెట్టి, ఒక్క ఊపులో లేచి నాలుగడుగులు వేశారు. బుట్టలు కదల్లేదు. దింపి, పక్కన గోడ మీద చైనీస్‌లో రాసిన సామాన్ల పట్టీ చదివారు: బియ్యం, కుండ, చాప, టీ, పార.

“వీళ్ళ జాబితా నీ జాబితాకన్నా చిన్నది,” అన్నారు నాతో. “అయినా చేరారు.”

నవ్వాను. బయట కారు నీడ లేని చోట ఉంది. తలుపు పిడిని చొక్కా కొసతో పట్టుకుని తెరవాల్సి వచ్చింది. ఉష్ణోగ్రత నలభై రెండు. ఎస్కీలో నా డిస్కులు చల్లగా ఉన్నాయి. తృప్తిగా బండి నడిపాను.

హార్షమ్

హార్షమ్‌లో మేం దిగిన మోటెల్ నడిపేది సలీం భాయ్. హైదరాబాద్ మనిషి. రిజిస్టర్లో నా పేరు చూడగానే ఇంగ్లీషు వదిలేశాడు.

“సందీప్... అరె, తెలుగోళ్ళేనా భాయ్? ఏడికెల్లి?”

“తెనాలి, భాయ్.”

“తెనాలా! మా బేగం గుంటూరామె. తొమ్మిదేండ్లాయె ఈ ఊర్ల, తెలుగు మాట్లాడనీకి ఆమె ఒక్కతే దిక్కు. ఆమె మాట్లాడుతది, నేను వింట.” కిటికీలోంచి యేయేని చూసి గొంతు తగ్గించాడు. “ఆ పెద్దాయన ఎవరు? గింత ఎండల వేడినీళ్ళు తాగుతుండేంది?”

“చైనాలో అలవాటు భాయ్. చల్లనీళ్ళు కడుపుకి మంచివి కావంటారు.”

“మంచిగనే ఉన్నడు కదా మరి. నేను ఇరవై ఏండ్లసంది చల్లనీళ్ళు తాగుతున్న, నాకు గ్యాసే గ్యాసు.”

సాయంత్రం ఆరింటికి యేయే గదిలో షెంగ్ పెట్టె తెరిచారు. రెండు చేతులా పట్టుకుని, పెదవులు ఆనించి, మెల్లగా ఊదారు.

జలుబు చేసిన హార్మోనియంలా ఒక మోత వచ్చింది. ఆయన ఆగి, ఒక్కో బెజ్జమూ మూసి, ఒక్కో గొట్టాన్నీ విడిగా ఊదారు. నాలుగు సరిగ్గా పలికాయి. ఏడు ఉండాల్సినదానికన్నా పైకి పలికాయి. రెండు అసలు పలకలేదు. ఒక గొట్టాన్ని గిన్నెలోంచి ఊడబెరికి, అడుగున ఉన్న నాలుకని దీపానికి ఎదురుగా పట్టి చూశారు.

నాకప్పుడు అర్థమైంది. చిన్నప్పుడు తెనాలిలో మూడేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. పాఠానికి ముందు ఎడమ మూత మీద తడి రవ్వ ముద్ద అతికించడం నా పని. ముద్ద పెరిగితే నాదం కిందికి దిగుతుంది. ముద్ద ఎండి రాలితే పైకి పోతుంది. షెంగ్ నాలుక కొసన కూడా అలాంటి బరువే ఉంటుందని, అది ఆవగింజలో సగమంత మైనం చుక్క అని, ఆయన చేతిలోని గొట్టం చూసి తెలుసుకున్నాను. తేనెమైనం అరవై డిగ్రీలు దాటితే కరుగుతుంది. నలభై రెండు డిగ్రీల ఎండలో మూసిన డిక్కీ అరవై దాటుతుంది. రెండు అంకెలూ నాకు తెలిసినవే. ముప్ఫై ఒక్క వస్తువుల జాబితాలో మైనం లేదు.

“ఎస్కీలోంచి తీసింది నేనే,” అన్నాను.

లిన్ నా వైపు తిరిగింది. యేయేకి చైనీస్‌లో చెప్పింది. ఆయన చాలాసేపు మాట్లాడారు, గొంతు పెంచకుండా.

“ఏమన్నారు?”

“అన్నీ అనువదించను,” అంది. “ఆ చుక్కలు వాళ్ళ గురువుగారు పెట్టినవి. నలభై ఏళ్ళ కిందట. ఆయన పోయాక యేయే వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.” షెంగ్ పెట్టె మూత మూసి, నన్ను వరండాలోకి నడిపించింది. “నాలుగేళ్ళు, శాండీ. నాలుగేళ్ళు అడిగాను నేను. ఒక్కసారి అన్నారు. ఆ ఒక్కసారీ ఇలా అయింది. నువ్వు ఒక్క మాట అడిగి ఉండొచ్చుగా?”

ఆయన ఆదివారం పొద్దున వాయించగలిగితేనే కచేరీ. లేకపోతే లిన్‌కి మళ్ళీ అడిగే హక్కు ఉండదు. సలీం భాయ్ ఖట్టీ దాల్, అన్నం, పాపడ్ పంపించాడు. చింతపండు పులుపు, పైన ఎండుమిర్చి పోపు. అలాంటి పప్పు ఏడాదిగా తినలేదు. ఆ పూట రుచి తెలియలేదు. యేయే మాత్రం రెండుసార్లు వడ్డించుకుని తిని పడుకున్నారు.

హార్షమ్, రెండో రోజు

పొద్దున లేచేసరికి యేయే వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నారు. తెల్ల తువ్వాలు మీద గొట్టాలన్నీ వరసగా పరిచి ఉన్నాయి. పక్కన ఒక సూది, ఒక రేకు డబ్బా, ఆ డబ్బాలో శనగగింజంత పాత మైనం. నన్ను చూసి ఇంగ్లీషులో, “పద్నాలుగు,” అన్నారు.

అర్థం కాలేదు.

“జాబితాలో పద్నాలుగు,” అన్నారు. డిక్కీ మూతకి అంటించిన నా జాబితా ఆయన చదివారు. ఇంగ్లీషు చదవడం రాకపోయినా అంకెలూ బొమ్మలూ చూశారు. పద్నాలుగో నంబరు సోల్డరింగ్ ఐరన్. దాని పక్కన నేనొక చిన్న బొమ్మ వేసుకున్నాను.

పల్లెలో అయితే మేకుని నిప్పుల్లో కాల్చి ఈ పని చేసేవాళ్ళట. సోల్డరింగ్ ఐరన్ ఎంత తగ్గించినా మైనానికి ఎక్కువే వేడెక్కుతుంది. అందుకని మేం కనిపెట్టిన పద్ధతి ఇది: నేను ప్లగ్గు పెట్టి వేడి చేస్తాను, ప్లగ్గు తీసేస్తాను, యేయే నలభై దాకా లెక్కపెడతారు, అప్పుడు కొసతో మైనం తాకుతారు. ముప్ఫైకి తాకితే మైనం పొగవుతుంది. యాభైకి తాకితే అంటదు. ఈ మూడు అంకెలూ మూడు గొట్టాల ఖర్చుతో కాదు, మూడు అగ్గిపుల్లల మీద ప్రయత్నించి తెలుసుకున్నాం. ఆయన నాకంటే జాగ్రత్త మనిషి.

ఒక చుక్క పెట్టగానే ఆయన గొట్టాన్ని ఊదేవారు. నేను ఫోన్లో స్వరం కొలిచే యాప్ పెట్టి, “ఇంకా పైనుంది యేయే,” అన్నాను. ఆయన పట్టించుకోలేదు. అంతకుముందు సరిగ్గా పలికిన నాలుగింటిలో ఒక గొట్టాన్ని తీసుకుని, రెండూ ఒకేసారి ఊదారు. రెండు స్వరాలూ కొట్టుకుంటూ వుఁ... వుఁ... వుఁ... అని అలలు వచ్చాయి. ఇంకొంచెం మైనం. అలలు నెమ్మదించాయి. ఇంకో రవ్వ. అలలు ఆగాయి.

“ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చున్నారు,” అన్నారు యేయే. లిన్ అనువదించింది.

“యాప్ ప్రకారం ఇప్పుడు తొమ్మిది సెంట్లు కిందుంది,” అన్నాను. సెంటు అంటే ఒక స్వరానికీ దాని పక్క స్వరానికీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒకటి. నా కంప్యూటర్‌లో ఉన్న స్వరాలన్నీ యాప్ చెప్పే అంకెలకి కట్టినవి. షెంగ్ తొమ్మిది సెంట్లు కింద పలికితే, సైలోలో ఆ రెండూ కలిసినప్పుడు మళ్ళీ అవే అలలొస్తాయి. “ఆయన్ని కొంచెం పెంచమను.”

లిన్ అడగలేదు. “నీ కంప్యూటర్‌లో స్వరం మార్చడానికి ఎంతసేపు?”

“ఒక్కోదానికి నిమిషం.”

“ఆయనకి ఒక్కోదానికి అరగంట. నువ్వే ఆలోచించుకో, మేట్.”

ఆలోచించాల్సిందేమీ లేదు. కంప్యూటర్ తెచ్చి బల్ల రెండో చివర కూర్చున్నాను. ఆయన ఒక గొట్టం పూర్తిచేసి ఊదితే, నేను దాన్ని కొలిచి, నా స్వరాన్ని దానికి దించాను. మూడు వారాలుగా కట్టిన అంకెలన్నీ ఒక పూటలో పోయాయి. సలీం భాయ్ మధ్యమధ్యలో టీ తెచ్చి నిలబడేవాడు.

“ఏందిది భాయ్, ఆపరేషనా?”

“అలాంటిదే.”

“పేషెంటు బతుకుతడా?”

“తొమ్మిదిలో ఎనిమిది బతికాయి,” అన్నాను. అప్పటికి పన్నెండయింది. మిగిలింది పలకని రెండింటిలో ఒకటి. కరిగిన మైనం నాలుక చుట్టూ పారి గట్టిపడింది. యేయే సూదితో దాన్ని లేపబోయారు. అంత పాత రాగి. కొసన చిటుక్కుమని విరిగింది. ఆయన ఆ విరిగిన ముక్కని అగ్గిపెట్టెలో వేసి, అగ్గిపెట్టెని జేబులో పెట్టుకున్నారు. కొత్త నాలుక చేయాలంటే ఆయన చేతికి వారం పడుతుంది.

ఆయన గొట్టాన్ని దాని బెజ్జంలో తిరిగి పెట్టి, నా కంప్యూటర్ వైపు చూపించారు.

“ఈ గొట్టం నువ్వు,” అన్నారు ఇంగ్లీషులో.

మిగతాది లిన్ చెప్పింది. “ఆ స్వరం నువ్వు వాయించాలట. దానంతట అది మోగేలా పెట్టకూడదు. ఆయన తల ఊపినప్పుడు, చేత్తో.”

ఏ స్వరం? గొట్టం పలకదు కాబట్టి కొలవడానికి లేదు. యేయే గొంతుతో పాడారు, సన్నగా, ముక్కుతో. నేను స్వరం పెంచి దించే గుండీ తిప్పుతుంటే ఆయన నా పక్కన కూర్చుని విన్నారు. నా కళ్ళు తెర మీది అంకె వైపు పోతున్నాయి. ఆయన తన గుడ్డ టోపీ తీసి తెర మీద కప్పారు. తిప్పాను. ఆయన చెయ్యి దించారు. తిప్పాను. ఎత్తారు. ఇంకా సన్నగా తిప్పాను. నా మోచెయ్యి మీద చెయ్యి వేసి ఆపారు. తర్వాత టోపీ తీసి చూస్తే, పాత అంకెకి పదకొండు సెంట్లు కింద.

సైలో

ఆ ఆర్వో, అంటే ఇక్కడివాళ్ళ మాటలో మధ్యాహ్నం, ఎండ తగ్గాక హార్షమ్ నుంచి ఉత్తరంగా గంట నడిపితే సైలో వచ్చింది. చుట్టూ కోసేసిన గోధుమ చేలు, పసుప్పచ్చగా, ఆకాశం అంచు దాకా. సైలో యజమాని గ్లెనిస్, అరవై దాటిన రైతు. ఊరి పేరు రాయొద్దని అడిగింది, జనం వచ్చి గోడల మీద పేర్లు చెక్కుతారట.

“పొద్దున ఏడింటికి మొదలెట్టి ఎనిమిదికి ముగించాలి,” అంది. “ఆ తర్వాత లోపలున్నవాళ్ళు రొట్టెలైపోతారు. ఇంకో సంగతి, పైన పావురాలున్నాయి. నచ్చకపోతే అభిప్రాయం వెంటనే చెబుతాయి.”

లోపల గుండ్రటి సిమెంటు గోడ, పైన ఒక బెజ్జం, దాంట్లోంచి నేల దాకా ఒక వెలుతురు కడ్డీ. నేను బెలూన్ ఊది సూదితో పొడిచాను. ఆ ఠప్పు గోడల్లో తిరిగి తిరిగి చావడానికి పట్టిన సమయం పద్నాలుగు సెకన్లు. గదుల ప్రతిధ్వని కొలిచే చవకైన పద్ధతి ఇదే. యేయే బెలూన్లన్నీ తనకిమ్మన్నారు. పదకొండూ తనే పేల్చారు. పెళ్ళి టపాకాయలట.

ఆదివారం పొద్దున వచ్చినవాళ్ళు ఇరవై ముగ్గురు. ఎక్కువమంది గ్లెనిస్ పొరుగు రైతులు, మడత కుర్చీలు వాళ్ళే తెచ్చుకున్నారు. సలీం భాయ్, ఆయన భార్య బిర్యానీ గిన్నెతో వచ్చారు. పొద్దున ఏడింటికి బిర్యానీ ఏమిటి భాయ్ అంటే, “కచేరీ అయినంక తినాలె గదా,” అన్నాడు.

లిన్ కమానుతో మొదలుపెట్టింది. దాని కింద నేను మూడు స్వరాలు పరిచాను. యేయే మధ్యలో ముక్కాలిపీట మీద కూర్చుని, చాలాసేపు ఏమీ వాయించలేదు. లిన్ నా వైపు చూసింది. నేను గడియారం చూశాను. నాలుగు నిమిషాలయింది. అప్పుడాయన ఒక్క ఊపిరి ఊదారు. అయిదు గొట్టాలు ఒకేసారి పలికాయి. వెంటనే ఆపేశారు.

ఆ మోత పైకి వెళ్ళి, తిరిగి దిగింది. యేయే తల పైకెత్తి, నోరు కొద్దిగా తెరిచి, అది పూర్తిగా పోయేదాకా విన్నారు. మళ్ళీ ఊదారు. ఈసారి అది దిగొస్తుండగా ఊపిరి పీలుస్తూ దానికి ఎదురు వాయించారు. నా స్వరాలూ ఆయన స్వరాలూ తాకాయి. అలలు రాలేదు. ఒకే కుర్చీ.

తర్వాత ఆయన నా వైపు తల ఊపారు. వేలితో మీట నొక్కాను. నా స్వరం ఆయన నాలుగు స్వరాల మధ్యలోకి వెళ్ళి కూర్చుంది. రెండోసారి ఆలస్యమయ్యాను. మూడోసారి ఆయన తల ఊపకముందే భుజం లేవడం చూశాను. ఊపిరి పీల్చుకుంటున్నారు. అక్కణ్ణుంచి తల చూడలేదు, భుజం చూశాను. తెర వెలుగు ఆర్పేశాను. ఆ పూట సైలోలో పలికిన షెంగ్ స్వరాల్లో నాలుగు గురువుగారి చుక్కలవి, ఎనిమిది యేయే చుక్కలవి, ఒకటి నాది.

ముప్ఫై ఎనిమిది నిమిషాలకి ఆయన షెంగ్ దించారు. ఆఖరి మోత కూడా పోయింది. పైన పావురం ఒకటి రెక్కలు కొట్టుకుంది.

“వాటికి నచ్చింది,” అంది గ్లెనిస్. “మామూలుగా ఈపాటికి నా టోపీ పాడయ్యేది.”

బిర్యానీ తింటూ ఒక ముసలి రైతు యేయే పక్కన కూర్చుని, వాళ్ళ నాన్న ఇదే సైలోకి గోధుమలు తోలిన సంగతి చెప్పాడు. యేయేకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. తల ఊపుతూ అంతా విని, ఆ రైతు పళ్ళెంలో గోంగూర వేశారు.

తిరుగు దారి

సామాన్లు సర్దేటప్పుడు ఎస్కీలోంచి అన్నీ తీసేసి, అడుగున ఐసు ముద్దలు పరిచి, వాటి మీద రెండు పొడి తువ్వాళ్ళు వేసి, షెంగ్ పెట్టె పెట్టాను. హార్డ్ డిస్కులు లిన్ ఒళ్ళో పెట్టుకుంది. డిక్కీ మూతకున్న జాబితా ఊడదీసి, షెంగ్ ఎదురుగా మూడో గడిలోని ‘లేదు’ కొట్టేశాను. కింద ముప్ఫై రెండో వస్తువు రాశాను: మైనం.

యేయే ముందు సీట్లో కూర్చున్నారు. రైలు పట్టాల పక్కన ఒక సైలో కనిపించింది. ఆయన వేలు చూపించి లిన్‌ని ఏదో అడిగారు.

“అది ఖాళీదేనా అని అడుగుతున్నారు,” అంది లిన్.

“తెలీదు. గ్లెనిస్‌ని కనుక్కోవచ్చు. ఎందుకట?”

లిన్ అడగలేదు. బాగుందని ఆయన ఇంకా అనలేదు, అనకపోతే మళ్ళీ అడగకూడదన్నది ఒప్పందం. అద్దంలో చూస్తే పెదవులు బిగబట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. మరో పది కిలోమీటర్లకి ఇంకో సైలో వచ్చింది. “ఎర్,” అన్నారు యేయే. చైనీస్‌లో రెండు. దాని తర్వాతి దానికి “సాన్,” అని, ఆగి, అది కురచగా ఉందని తల అడ్డంగా ఊపి, అయినా లెక్కలో ఉంచారు. నా జాబితా కాగితం అడిగి తీసుకుని, వెనక్కి తిప్పి, ఒక్కోదానికి ఒక గీత గీశారు.

అరరాట్ చేరేసరికి గీతలు పదకొండు.